పొడిలోనూ కొలువులున్నాయ్!

గోదావరిఖనిలో చదువు చివరి ఏడాదికి వచ్చిందంటే చాలు, ఇంటా బయటా ఒకటే ప్రశ్న: "సింగరేణి నోటిఫికేషన్ ఎప్పుడు?" దానికి ప్రిపేరవ్వండి, తప్పులేదు. కానీ మెకానికల్ బీటెకో, ఫిజిక్స్ ఎమ్మెస్సీయో చేతిలో పెట్టుకుని దానికోసమే ఏళ్లకేళ్లు కూర్చుంటే నష్టపోయేది మీరే. ఇంకో దారీ ఉంది, చూడండి.

రామగుండం ఎన్టీపీసీలో బొగ్గును మిల్లులో మెత్తగా పొడిచేశాకే బాయిలర్‌లోకి పంపుతారు. అక్కడ బొగ్గు ముక్క చిన్నదవుతుంది, అంతే. అదే ఇనుము, క్రోమియం పొడులను ఉక్కు గుండ్లతో గంటల తరబడి మర ఆడిస్తే లోపలి నిర్మాణమే మారిపోతుంది. గుండ్ల దెబ్బలకు రేణువులు చదునై, ఒకదానికొకటి అతుక్కుని, మళ్లీ విరుగుతాయి. స్ఫటికాలు నానోమీటర్ల సైజుకు దిగుతాయి. కరిగించకుండానే మిశ్రమలోహం తయార్! 1960ల్లో జాన్ బెంజమిన్ మొదలుపెట్టిన ఈ పద్ధతి పేరు మెకానికల్ అల్లాయింగ్.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఇదే పద్ధతిలో యిట్రియా కలిపిన ఓడీఎస్ ఉక్కుపై పనిచేసింది. అందులోని నానో రేణువులు విపరీతమైన వేడిలో ఉక్కు సాగిపోకుండా అడ్డుకుంటాయి. మనకేంటి అంటారా? థర్మల్ కేంద్రంలో ఆవిరి వేడి పెరిగేకొద్దీ యూనిట్ కరెంటుకు తగలబెట్టే బొగ్గు తగ్గుతుంది. ఆ వేడిని తట్టుకునే లోహం కావాలిగా!

ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్, మిధానిల్లో పోస్టులు వేలల్లో ఉండవు, నిజమే. కానీ ఈ నైపుణ్యం వాటితోనే ఆగదు. వాహనాల విడిభాగాలు, కటింగ్ టూల్స్, త్రీడీ ప్రింటింగ్.. అన్నింటికీ లోహపు పొడి తెలిసినవాళ్లు కావాలి. ఎక్స్‌రే గ్రాఫ్‌లో శిఖరం వెడల్పయితే స్ఫటికం చిన్నదైందా, లోపల ఒత్తిడి పెరిగిందా, రెండూనా? గుండ్లు అరిగి వాటి ఇనుమే పొడిలో కలిసిందా? ఇలా అనుమానించి, తేల్చి చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువుంటుంది.

అందుకే ఫైనలియర్ ప్రాజెక్టును డబ్బులిచ్చి కొనుక్కురాకండి. ఆ ఆర్నెల్లూ ఏదో ఒక ల్యాబ్‌లో చేత్తో పనిచేయండి. గేట్‌తో ఎన్‌ఐటీ వరంగల్‌లాంటి చోట్ల మెటలర్జీ విభాగంలో ఎంటెక్ చేయొచ్చు. మీ డిగ్రీకి అర్హత ఉందో లేదో ముందే చూసుకోండి. ఏఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో వచ్చే ప్రకటనలపైనా కన్నేసి ఉంచండి. సింగరేణి నోటిఫికేషన్ వస్తే రాయండి. అది వచ్చేదాకా మాత్రం ఖాళీగా ఉండొద్దు.