పెట్టెలో బ్యాట్ ఉంది, గ్రౌండ్ ఏదీ?



పోయిన భాగంలో హాస్టల్ మెస్ ఛార్జీల గురించి రాశాను గదా. అది చదివిన ఒక పెద్దాయన అద్దంకి బస్టాండ్ దగ్గర నన్ను ఆపాడు. రిటైరైన అయ్యవారు. ఏటా ఏప్రిల్ 14న స్టేజీ ఎక్కి దండ వేసే మనిషి. "అదంతా సరేగానీ అబ్బాయ్, మీ పల్లెలోకి రోజూ పార్సిళ్లు దిగుతానే ఉంటాయంటగా. బ్యాట్లంట, గిటార్లంట, కెమెరా స్టాండులంట. ఒకపక్క అన్నం సరిపోటల్లేదని నువ్వు రాస్తావు, ఇంకోపక్క మీవోళ్లు సరదాలు కొంటంటారు. ముందు వాళ్లకి చెప్పరాదూ" అన్నాడు.

చెప్తాను. కానీ ముందు ఆయనకే చెప్పాలి.

ఆయన మనవడికి డ్రోన్ ఉంది. శింగరకొండ గుడి మీదుగా, భవనాశి చెరువు మీదుగా ఎగరేసి తీసిన వీడియో నాకు ఆయనే చూపించాడు, మురిసిపోతా. దాని ఖరీదు నేను అడగలేదు. అది పిల్లాడి హాబీ. మావాడు పద్దెనిమిది వందలు పెట్టి బ్యాట్ కొంటే అది దుబారా. రెండు ఇళ్లకీ పార్సిల్ తెచ్చింది ఒకే కుర్రాడు, ఒకే బండి మీద. పేరు మాత్రం ఇల్లు మారగానే మారిపోయింది.

మన ఖర్చు మీద ఊరికి ఎప్పుడూ ఆడిట్ ఉంటుంది మిత్రులారా. కాలికి చెప్పు, మూతికి మీసం, ఇస్త్రీ చొక్కా, సైకిలు, తర్వాత మోటారు సైకిలు, ఇప్పుడు అట్టపెట్టె. కూలి తక్కువిస్తే ఎవరూ లెక్క అడగరు. ఆ కూలితో మనం ఏం కొన్నామో అందరికీ కావాలి. చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ గొడవకి మొదలు పొలం గట్టు మీద లేదు, కూలి దగ్గర లేదు. సినిమా హాల్లో ఉంది. ఒక దళిత డిగ్రీ కుర్రాడి కాలు ముందు సీటు అగ్రకులపు కుర్రాడికి తగలడం దగ్గర ఉంది. టిక్కెట్ కొనుక్కుని, కాలు చాపుకుని, ఒక సాయంత్రం సరదాగా కూర్చోవడం. అంతకు నెల ముందే ఆ పిల్లాడు కూలి పెంచమని అడిగి ఉంటే బహుశా అంత మండేది కాదేమో. మనం కష్టపడటం వాళ్లకి అలవాటే. మనం సేదతీరడమే కళ్లల్లో పడుతుంది.

ఇంకా దగ్గరిది చెప్తాను. 2023 జూన్‌లో గుజరాత్‌లోని పటాన్ జిల్లాలో ఒక స్కూల్ గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్నారు. చూస్తా ఉన్న దళిత పిల్లాడు తనవైపు వచ్చిన బంతిని చేత్తో తీశాడు. దాని మీద తిట్లు, గొడవ. ఆ తర్వాత కొందరు వచ్చి ఆ పిల్లాడి బంధువు బొటనవేలు నరికారు. ద్రోణుడికి కనీసం గురుదక్షిణ అనే సాకు ఉంది.

ఆ బంతిని కుట్టేది ఎవరు? మన దేశంలో తోలు క్రికెట్ బంతులకి పేరుమోసిన ఊరు మీరట్. అక్కడ తోలు కోసి, నాలుగు ముక్కలు కలిపి, సూదితో కుట్టు వేసే చేతుల్లో ఎక్కువ భాగం జాటవ్‌లవి, అంటే మనవాళ్లవి. కుట్టొచ్చు. పార్సిల్ మోయొచ్చు. గ్రౌండ్ దాటి వచ్చిన బంతిని తియ్యకూడదు.

పల్వంకర్ బాలూ పేరు విన్నారా? స్టూడెంట్స్ తప్పకుండా తెలుసుకోవాలి. చమార్ కులస్తుడు. పూణేలో తెల్ల ఆఫీసర్లు వాడి పారేసిన సామానుతో అన్నదమ్ములు ఆట నేర్చుకున్నారు. క్లబ్బులో పిచ్‌కి రోలర్ లాగే పని చేశాడు, నెట్స్‌లో దొరలకి బంతులు వేశాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో 114 వికెట్లు తీశాడు. ఇక్కడ హిందూ జట్టు వాళ్లు గ్రౌండ్‌లో ఆయన తీసిన వికెట్లు తీసుకున్నారు, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి పిడతలో ఇచ్చారు. కెప్టెన్సీ ఇవ్వనే లేదు. ఆడుకునే సామాను ఎవరి చేతిలో ఉండాలి అనేది మన దేశంలో ఎప్పుడూ చిన్న విషయం కాదని చెప్పడానికే ఇదంతా.

బాబాసాహెబ్‌కి పెన్నులంటే పిచ్చి. పెద్ద వయసులో వయొలిన్ పట్టుకుని నేర్చుకున్నాడు. రాజ్యాంగం రాసిన చేతికి ఫిడేలు ఎందుకని అడిగే అయ్యవార్లు అప్పుడూ ఉండే ఉంటారు. ఆయన లక్ష్యపెట్టలేదు. కాబట్టి మన పిల్లలు ఏదన్నా సరదాకి కొన్నారంటే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. పెద్దాయనకి సమాధానం అయిపోయింది.

ఇప్పుడు తమ్ముళ్లతో మాట్లాడాలి. ఇది వేరే మాట.

మా బాబాయి కొడుకు వరసయ్యే కుర్రాడు ఒకడున్నాడు. డిగ్రీ అయింది. గ్రూప్స్‌కి చదువుతున్నాడు, పగలు డెలివరీ చేస్తాడు. ఊళ్లో ఇళ్లకి వెళ్తే "అరుగు మీద పెట్టి వెళ్లు" అనే ఇళ్లేవో, "ఎవరబ్బాయివి" అని అడిగే ఇళ్లేవో వాడికి బట్టీ. ఒకరోజు సంచిలో తన పేరుతో ఉన్న పార్సిల్ కనపడింది. రాత్రి తనే ఆర్డర్ పెట్టుకున్నాడు. తన ఓటీపీ తనే చెప్పుకుని, తనకి తనే డెలివరీ ఇచ్చుకున్నాడు. నవ్వుకుంటా చెప్పాడు నాకు. అడ్రస్‌లో ల్యాండ్‌మార్క్ దగ్గర "అంబేద్కర్ బొమ్మ ఎదురు" అని ఉంది. యాప్ కులం అడగదంటారు. అడగాల్సిన పని ఏముంది?

ఇంటికెళ్లి చూస్తే మంచం కింద మూడు పెట్టెలు. ఒక కశ్మీర్ విల్లో బ్యాట్, ప్లాస్టిక్ కవర్ తియ్యలేదు. బ్యాటింగ్ గ్లవ్స్. ఒక ఉకులేలే, తీగెలు శృతి చెయ్యటం రాక పక్కన పెట్టేశాడు. "ఏందిరా ఇవన్నీ" అంటే, "మూడ్ బాగోలేదన్నా, ఆర్డర్ పెట్టా" అన్నాడు. మూడు పెట్టెలకీ మూడు కారణాలున్నాయి. పరీక్ష వాయిదా పడ్డ రోజు ఒకటి. ఒక ఇంట్లో మంచినీళ్లు అడిగితే బాటిల్ విసిరేసిన రోజు ఒకటి. మూడోదానికి కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాణ్ణి వెర్రోడు అనకండి. వాడు చేసిన పని పనిచేస్తుంది. 2014లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు దీని మీద ప్రయోగాలు చేసి పేపర్ రాశారు. మనిషికి దుఃఖం వచ్చేది తన బతుకు తన చేతుల్లో లేదనిపించినప్పుడు. ఇది కావాలి, అది వద్దు అని ఎంచుకునేసరికి పగ్గం కాస్త చేతికొచ్చినట్టు ఉంటుంది, దుఃఖం తగ్గుతుంది. అందుకే ఉత్త చూపులతో తగ్గనిది ఎంచుకోవడంతో తగ్గింది. ఏ పరీక్ష ఎప్పుడు జరగాలో, ఏ వీధిలో ఎవరు నిలబడాలో, దేనిమీదా చెయ్యి లేని కుర్రాడికి రాత్రి పదకొండింటికి నలభై బ్యాట్లలో ఒకటి ఎంచుకోవడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. ఆ పది నిమిషాలు వాడు రాజు.

అదే పేపర్‌లో ఇంకో ముక్క ఉంది. నాకు నిద్ర పట్టనివ్వని ముక్క. ఎంచుకుని కొంటే దుఃఖం తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకంటే కోపం పరిస్థితి మీద కాదు, ఒక మనిషి మీద.

మరి మావాడిది దుఃఖమా, కోపమా? బాటిల్ విసిరిన మనిషికి ముఖం ఉంది, ఇల్లు ఉంది, ఇంటి నంబరు ఉంది. అది కోపమే. వాడు దాన్ని "మూడ్ బాగోలేదు" అని పిలుస్తున్నాడు. మనకి జరిగిన అవమానానికి వాతావరణం పేరు పెట్టుకుంటున్నాం తమ్ముళ్లూ. మబ్బు పట్టింది, వాన వచ్చింది, మూడ్ పోయింది. చేసినవాడు లేడు, జరిగిందంతే. నా గొడవ బ్యాట్‌తో కాదు, ఈ పేరుతో. కారంచేడులో 1985లో చెరువు నీళ్లు పాడు చేస్తున్నారని అడిగిన ఆడమనిషి మూడ్ బాగోలేదని ఊరుకుని ఉంటే దళిత మహాసభ పుట్టేది కాదు.

దుఃఖానికి సరుకు అమ్మడం మన జిల్లాలకి కొత్త కాదు. నిన్నటిదాకా అది సారా. కూలి డబ్బులు చేతిలో పడిన సాయంత్రానికే ప్యాకెట్లు రెడీగా ఉండేవి. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తిరగబడితే గానీ ఆ దుకాణం కదల్లేదు. బ్యాట్‌ని సారాతో పోల్చటల్లేదు, బ్యాట్ మంచిదే. దుకాణం తీరు చెప్తున్నా. దుకాణానికి నువ్వు ఆడటం అక్కర్లేదు. ఆడితే ఒక బ్యాట్ మూడేళ్లు వస్తుంది. ఆడకపోతే ఇంకో మూడ్‌కి ఇంకో పెట్టె. "ఇంక రెండే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు మెరుస్తాయి చూడండి, అబద్ధపు తొందర పెట్టడం తప్పని 2023 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలే ఇచ్చింది. సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. అయినా మావాడు నెలనెలా కడుతున్నాడు, గ్లవ్స్‌కి.

మన మేధావుల్లో కొందరు మార్కెట్టే విముక్తి అంటారు. చంద్రభాన్ ప్రసాద్, ఇంకొందరు కలిసి 2010లో ఉత్తరప్రదేశ్ రెండు బ్లాకుల దళిత ఇళ్ల మీద చేసిన సర్వే చదివాను. 1990 నుంచి 2007కి టీవీలు, ఫ్యాన్లు, షాంపూలు పెరిగాయి, వాటితోపాటు పాత అంటరానితనం పద్ధతులు కొన్ని తగ్గాయి. కాదనను. కొట్టు దగ్గర దూరంగా నిలబడి, పైనుంచి వేస్తే దోసిలి పట్టిన ముసలాళ్లు మా పల్లెలో ఇంకా బతికున్నారు. వాళ్లతో పోలిస్తే వేలితో నొక్కి తెప్పించుకోవడం చిన్న గెలుపు కాదు. కానీ గెలుపు కొట్టు దగ్గరే ఆగింది. సామాను గుమ్మంలోకి వచ్చింది, మనం గ్రౌండ్‌లోకి వెళ్లలేదు.

మావాడు బ్యాట్ కవర్ ఎందుకు తియ్యలేదో తెలుసా? ఆడే చోటు లేదు. ఊరవతల ఖాళీ జాగాలో ఆడితే "ఎవర్రా మీరు" అంటారు. స్కూల్ గేటుకి తాళం. పల్లెలో రెండిళ్ల మధ్య సందులో తోలు బంతితో ఆడితే రేకులు పగులుతాయి. అద్దంకి అంటే ఎర్రన తిరిగిన ఊరు, రెడ్డి రాజుల తొలి రాజధాని అని బోర్డులు రాసుకుంటారు, పద్యం చెక్కిన శాసనం గురించి ఉపన్యాసాలు ఇస్తారు. ఏడొందల ఏళ్ల నాటి రాజధానిలో మాల మాదిగ పిల్లలు బంతి ఆడుకునే ఎకరం చూపించమనండి.

2023 డిసెంబర్ 26న అప్పటి ప్రభుత్వం "ఆడుదాం ఆంధ్రా" అని మొదలుపెట్టింది. సచివాలయాలకి క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్ కిట్లు పంచింది. తర్వాతి ప్రభుత్వం దాని ఖర్చు మీద విజిలెన్స్ విచారణ వేసింది. ఆ ఇద్దరూ కొట్టుకున్నది కిట్ల గురించి. నేల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. సర్కారుదీ మావాడి జబ్బే. సామాను కొనేస్తే ఆట అయిపోయినట్టు.

ఆడపిల్లల సంగతి రాయకపోతే అన్యాయం. మా పిన్ని కూతురు మిరపకోతలకి వెళ్తుంది. ఘాటుకి దగ్గుతా, వేళ్లు మండుతా ఇంటికొస్తుంది. ఆ పిల్ల 249 రూపాయలకి క్రోషా సూదుల సెట్టు తెప్పించుకుంది. మధ్యాహ్నం అన్నాల వేళ గట్టు మీద కూర్చుని అల్లుతుంది. కారం చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని మరీ. పని ఉన్నప్పుడు ఇదేం పని అని వాళ్లమ్మ తిడుతుందని సూదులు బియ్యం డబ్బాలో దాస్తుంది. నేను చూసిన పెట్టెలన్నిటిలో పూర్తిగా వాడింది ఆ ఒక్కటే. ఆ పిల్ల నోట "మూడ్" అనే మాట నేను ఎప్పుడూ వినలేదు. పాపం, ఆ మాట అనే తీరిక కూడా లేదనుకుంటా.

కాబట్టి కొనొద్దని నేను చెప్పను. పెట్టె విప్పండి అంటున్నా. విప్పటానికి చోటు అడగండి అంటున్నా. 2013లో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. గడువు తీరుతుంటే 2023 జనవరిలో ఇంకో పదేళ్లు పొడిగించారు. మన జనాభా లెక్కన మనకే ఖర్చు పెట్టాల్సిన డబ్బు అది. దాంతో సీసీ రోడ్లు వేసి ఊరంతటికీ చూపిస్తారు. పల్లెకో ఆటస్థలం, హాస్టల్‌కో సంగీతం గది, ఆడపిల్లలు తలుపేసుకుని కూర్చునే చదువుల గది ఆ డబ్బుతో అడగటం మన హక్కు. దయ కాదు.

అర్జీ రాశాను. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తున్నాం. పల్లె పేరు, ఆడే పిల్లల సంఖ్య, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ భూమి సర్వే నంబర్ శనివారం లోపు పంపండి. సర్వే నంబర్ లేకపోతే అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది, అది గుర్తుంచుకోండి. వచ్చేటప్పుడు మంచం కింద ఉన్న బ్యాట్లు తెచ్చుకోండి. ఆఫీసర్ వచ్చేదాకా ఎట్లాగూ గంటలు గంటలు నిలబెడతారు. కలెక్టరేట్ ముందు జాగా బాగానే ఉంది.