బొమ్మ వేసినవాడి పేరేది?

ఈమధ్య సమీక్ష కోసం మా ఆఫీసుకు ఒక పిల్లల పుస్తకం వచ్చింది. నండూరి రామమోహనరావు ‘కాంచనద్వీపం’గా మనకిచ్చిన స్టీవెన్సన్ నవలకే మరో సంక్షిప్తానువాదం. మూలరచయిత పేరుంది, అనువాదకుడి పేరుంది, డీటీపీ చేసినవారికి కృతజ్ఞతలున్నాయి. నిండు పేజీల్లో వేసుకున్న రంగుల బొమ్మలు ఎవరివో మాత్రం ఎక్కడా లేదు. మూలల్లోని సంతకాలు కత్తెరకు పోయాయి. ఫోన్ చేసి అడిగితే, “పాత బొమ్మలండీ, వాటికి కాపీరైట్ లేదు” అన్నారు.

నిజమే, లేదు. అవి 1911లో న్యూయార్క్‌లోని స్క్రిబ్నర్స్ ప్రచురణకు ఎన్.సి. వయెత్ వేసినవి. హక్కుల గడువు ఏనాడో తీరింది. దాంతోపాటు పేరు కూడా తీరిపోతుందా?

అందులో జిమ్ ఇల్లు విడిచి వెళ్లే ఘట్టం చూడండి. కుర్రాడు తల్లికీ, పుట్టి పెరిగిన తీరానికీ వీడ్కోలు చెప్పాడన్నంత వరకే రాసి స్టీవెన్సన్ ముందుకు సాగిపోయాడు. వయెత్ అక్కడే ఆగాడు. జిమ్ మూట పట్టుకుని మనవైపు నడిచి వస్తుంటాడు. వెనక, ఇంటి దగ్గర, తల్లి ఏప్రన్‌లో ముఖం దాచుకుని ఏడుస్తుంటుంది. ఆ ఏడుపు అక్కడ రచయిత రాసింది కాదు. సాహసానికి ఉరకలేసే పిల్లవాడి కథలో వెనక మిగిలిపోయిన మనిషిని పట్టి చూపించింది బొమ్మే. దీన్ని రచన అనకపోతే ఇంకేమనాలి? అప్పటికి వయెత్‌కు ముప్ఫై నిండలేదు. అచ్చులో జానెడు పేజీకి కుదించుకుపోతాయని తెలిసీ దాదాపు నాలుగడుగుల ఎత్తు కాన్వాసుల మీద నూనెరంగులతో వేశాడు.

ఆ శ్రద్ధ గురువు దగ్గర అబ్బింది. డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో హోవర్డ్ పైల్ ఫీజు తీసుకోకుండా బడి నడిపాడు. బొమ్మ వేసేవాడు ముందు ఆ ఘట్టంలోకి దిగి నిలబడాలన్నది ఆయన పట్టు. అంతకుముందు డ్రెక్సెల్ విద్యాసంస్థలో ఆయన దగ్గర చదివిన జెస్సీ విల్‌కాక్స్ స్మిత్ దాదాపు పదిహేనేళ్లు ‘గుడ్ హౌస్‌కీపింగ్’ పత్రికకు నెలనెలా ముఖచిత్రం వేసింది.

బొమ్మ పాఠకుడి ఊహకు సంకెళ్లు వేస్తుందనేవారున్నారు. నాసి బొమ్మల విషయంలో అది నిజమే.

కానీ మనకున్న జబ్బు అది కాదు. కథ సాహిత్యం, బొమ్మ దానికి సింగారం అనుకునే అక్షరాహంకారం మన జబ్బు. ఉత్త ఇలస్ట్రేటర్‌గా మిగిలిపోతానేమోనన్న బాధ వయెత్‌ను వదల్లేదంటే కారణం ఇలాంటి చిన్నచూపే. ‘రమోనా’ నవల 1939 ప్రచురణకు ఆయన వేసిన పెయింటింగ్ ఒకటి 2017లో న్యూహాంప్‌షైర్‌లో పాతసామాన్ల దుకాణంలో నాలుగు డాలర్లకు అమ్ముడైంది. 2023 వేలంలో అదే 1,91,000 డాలర్లు పలికింది. వేలంపాటలో బొమ్మ విలువ తెలుసుకోవలసిన గతి సాహిత్యలోకానికి పట్టడం సిగ్గుచేటు.

మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? బాపు లేకుండా బుడుగును తలచుకోగలమా? వపా ముఖచిత్రాల కోసం ‘చందమామ’లూ ‘యువ’లూ దాచుకున్న ఇళ్లెన్ని! అయినా వారపత్రికలో వచ్చిన కథ సంకలనంలోకి ఎక్కేసరికి దానికి తోడొచ్చిన బొమ్మ ఊసే ఉండదు. బొమ్మ వేసినవారికి పారితోషికం ముట్టిందిగా అంటారు. రచయితకూ ముడుతుంది. అందుకని అతని పేరు తీసేస్తున్నామా?

వచ్చే సంచిక నుంచి మా విషయసూచికలో రచయిత పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో, బొమ్మ వేసినవారి పేరు ఉంటుంది. చిత్రకారుల పేర్లు లేని బొమ్మల పుస్తకాలను ఇకమీదట సమీక్షకు తీసుకోం. మా పాత సంచికల్లో పేరు లేకుండా అచ్చయిన బొమ్మలు ఎవరివో తెలిసిన పాఠకులు రాయండి. ఆ పేర్లన్నీ వేస్తాం.