నెల తక్కువ బిడ్డకు ముప్పయ్యో రోజు గడువు

చర్ల, దుమ్ముగూడెం అడవి గ్రామాల నుంచి భద్రాచలం ఆసుపత్రికి వచ్చే తల్లులలో ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో కాన్పయ్యేవారు వుంటూనే వున్నారు. కిలో, కిలోన్నర తూగే బిడ్డ ఇదివరలో దక్కడమే కష్టం. ఇప్పుడు డాక్టర్లు గాజుపెట్టెలో వుంచి, ఆక్సిజన్ పెట్టి బతికిస్తున్నారు. సంతోషమే. మరి ఆ బిడ్డకు చూపు దక్కిందా?

కంటి వెనుక రెటీనా పొరకు రక్తనాళాలు నెలలు నిండితేగాని పూర్తిగా పాకవు. బిడ్డ ముందే పుడితే అవి అడ్డదిడ్డంగా పెరిగి, కొందరిలో ఆ పొరను లాగి ఊడదీస్తాయి. ఆక్సిజన్ మోతాదు మించితే ముప్పు ఎక్కువని ఆస్ట్రేలియా డాక్టరు కేట్ కాంప్‌బెల్ 1951లోనే హెచ్చరించింది.

చిక్కేమిటంటే, పైకి కన్ను చక్కగానే వుంటుంది. టార్చిలైటు వేసి చూసినా తెలియదు. చుక్కల మందు వేసి కంటి డాక్టరు లోపలికి చూడాలి. 34 వారాలకు ముందు పుట్టిన బిడ్డకు, 2 కిలోలకు తగ్గిన బిడ్డకు 30 రోజుల లోపు ఈ పరీక్ష జరగాలి. 1,200 గ్రాములకు తగ్గితే రెండు మూడు వారాలకే. డాక్టరు రమ్మన్నప్పుడల్లా మళ్ళీ వెళ్ళాలి. జబ్బు ముదురుతోందని తేలితే రెండు మూడు రోజుల్లో లేజరు చికిత్స చేయించాలి.

కాని ఆ ముప్పయి రోజులూ బాలింత గడప దాటని రోజులు. "పురుడు వెళ్ళనీ, చూద్దాం" అంటారు పెద్దలు. నిండు నెలల బిడ్డకైతే ఆ మాట చెల్లుతుంది. ఈ బిడ్డకు చెల్లదు. మూడో నెలలో దీపం వైపు చూడడం లేదని పరుగెత్తేసరికి చాలాసార్లు చేయి దాటిపోతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు వుంది. జాబితాలో వుంటే చాలునా? కర్ణాటకలో 2008 నుంచి కెమెరాలతో జిల్లా ఆసుపత్రులు తిరిగి, పసికందుల కళ్ళ ఫోటోలు తీసి దూరాన వున్న డాక్టర్లకు పంపుతున్నారు. అలాంటి కెమెరా వారానికొకసారి ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం చుట్టి రావాలి. హైదరాబాదు పొమ్మంటే 300 కిలోమీటర్లు. కూలికి పోయే కుటుంబం ఎన్నిసార్లు పోగలదు?

డిశ్చార్జి చీటీ మీద కంటి పరీక్ష తేదీ పెద్ద అక్షరాలతో వేయాలి. ఆ తేదీని ఊళ్ళోని ఆశ కార్యకర్తకు అప్పగించాలి, ఆమె కోయభాషలో తల్లికి చెప్పగలగాలి. బాలింతను ఇంటి దగ్గర దించిన బండే ఆ రోజున మళ్ళీ వెళ్ళి తీసుకురావాలి.

2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం తల్లులు, ఛత్తీస్‌గఢ్ తల్లులు కూడా భద్రాచలమే వస్తారు. వారి ఊరికి కబురు పంపే పూచీ ఎవరిదో మూడు రాష్ట్రాల అధికారులు కూర్చుని ముందే తేల్చాలి.