అబల యెవరు?

స్త్రీ స్వభావముచేతనే అబల యని నేఁటికిని మనలోఁ గొందఱు వాదించుచున్నారు. 1928 ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్సునందు 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు సొమ్మసిల్లిరను నెపమున ఆ పందెమును 1960 వఱకు వారికి లేకుండఁ జేసిరి. అలసిన పురుషుల పందెము నెవరైన మాన్పించిరా?

2019 జనవరిలో నేమి జరిగెనో వినుఁడు. బ్రిటనులోని పెనైన్ కొండబాటపై 268 మైళ్ల 'స్పైన్' పందెమును జాస్మిన్ పారిస్ అను తల్లి 83 గంటల 12 నిమిషములలో ముగించి, పురుషులందఱికంటె ముందు గమ్యము చేరెను. పురుషుఁడు నెలకొల్పిన పూర్వపు మేటికాలమును సుమారు 12 గంటలు తగ్గించెను. నడుమ విడిదులలో ఆఁగి చనుఁబాలు పిండుకొనెను!

ఆమె యొక్కతెయే యందురా? అది స్వభావనియమమే యైనచో ఆ యొక్కతెయు నుండరాదు. ప్రతి బాలికయుఁ గొండ లెక్కవలెనని మా కోరిక కాదు. పరీక్షింపకయే బలము లేదని వాకిలి మూయకుఁడు.