పటమును చూచుట

మన విద్యార్థులు పటమును చూచుట యనగా దాని పేరు చదివి పుట త్రిప్పుటయే. అది చూపు కాదని నా యభిప్రాయము.

లండను నగరమందలి నేషనల్ గ్యాలరీలో హోల్బైన్ అను చిత్రకారుడు 1533లో వ్రాసిన 'రాయబారులు' అను పటము కలదు. మొదట కనబడువారు వెలగల దుస్తులు ధరించిన యిద్దరు పురుషులు మాత్రమే. కొంతసేపు నిలిచినచో వారి నడుమనున్న బల్ల యరలలో గోళములు, గణితగ్రంథము, కీర్తనల పుస్తకము గోచరించును. అచ్చటి తంత్రీవాద్యమున నొక తీగ తెగియున్నది. నేలమీద ఏటవాలుగా సాగిన మరకవంటిది యొకటి కలదు. పటమునకు కుడిప్రక్కగా నిలిచి చూచువానికే యది మనుష్యుని పుఱ్ఱె యని తెలియును. ఎడమవైపున పైమూలను, పచ్చని తెరచాటున సగము దాగి, సిలువ వేయబడిన క్రీస్తు ప్రతిమ!

దీని యచ్చుప్రతిని తరగతి గోడకు తగిలించి యెన్నియో దినములు చూచియు నేనా సిలువను కనుగొనలేదు. చిన్న తరగతి బాలుడొకడు చూపెను. సిగ్గుపడితిని, సంతోషమే యెక్కువ.

కావున చిత్రలేఖనపు గంటలో పది పటములు చూపుట మాని, యొక్కదానినే గంటసేపు చూడనిచ్చుట మేలు. తలిదండ్రులు కాలము వృథా యందురేమో. ఆ బాలుడు మాత్ర మిప్పటికిని గోడయొద్ద నిలిచి, తెరవెనుక నింకేమున్నదని నన్నడుగుచున్నాడు.