ప్రభువు చేతిలో కర్ర ఎవరు పెట్టారు?



రోము పట్టణం కింద తొలి క్రైస్తవులు తమ మృతులను పాతిపెట్టిన సొరంగాలున్నాయి. కాటకోంబులు అంటారు. 3, 4 శతాబ్దాల్లో ఆ గోడల మీద వేసిన బొమ్మల్లో లాజరు సమాధి ముందు ప్రభువు నిలబడి ఉంటాడు. చేతిలో సన్నని కర్ర! ఆ కాలపు రాతి శవపేటికల మీద చెక్కిన కానా విందులోనూ, నీటి బానల మీద అదే కర్ర.

యోహాను 11వ అధ్యాయం తీసి చూడండి. కర్ర ఎక్కడుంది? ప్రభువు కన్నీళ్లు విడిచాడు, తండ్రికి కృతజ్ఞత చెప్పాడు, చనిపోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. ఏ గారడీవాడైనా సమాధి దగ్గర ఏడుస్తాడా?

క్రీస్తు కొత్త మోషే అని చూపించడానికే ఆ కర్ర గీశారని కొందరు పండితులంటారు. ఆ మాటలో బలం లేకపోలేదు. మోషే బండను కొట్టే బొమ్మ కూడా అదే గోడల మీద ఉంది. అయినా మేము ఒప్పుకోలేం. 2వ శతాబ్దంలో సెల్సస్ అనే అన్యుడు, యేసు ఐగుప్తులో మంత్రవిద్య నేర్చుకొచ్చాడని నిందించాడు. దాన్ని ఖండించడానికి ఓరిగెను ఎనిమిది పుస్తకాలు రాయాల్సి వచ్చింది. శత్రువు నోటితో అన్నదాన్ని మనవాళ్లే కుంచెతో గీసిపెడితే చూసేవాడు ఏమనుకోవాలి?

1515-16లో రఫాయేలు వేసిన ఒక చిత్రం చూడండి. అపొస్తలుల కార్యములు 13లోని ఎలుమ, కళ్లు పోయి, చేతులు చాపి తడుముకుంటున్నాడు. పౌలు చెయ్యి చాపాడు, అంతే. దండం లేదు, మెరుపు లేదు. వాక్యం తెలిసినవాడు గీసిన బొమ్మ అది.

మరి మన ఊళ్లలో? స్వస్థత సభల ఫ్లెక్సీల మీద దైవజనుడి అరచేతిలోంచి నీలం మెరుపులు! ఫోను తెరిస్తే యేసు బొమ్మ, తాకి ఆమెన్ అని టైపు చేస్తే అద్భుతం జరుగుతుందట, పదిమందికి పంపకపోతే ఆశీర్వాదం పోతుందట. తాయెత్తుకు దీనికి తేడా ఏమిటమ్మా? తాడు లేదు, అంతేగా! జ్వరంతో కాలిపోతున్న బిడ్డ దిండు కింద ఇలాంటి బొమ్మ పెట్టి, ఆసుపత్రికి రేపు వెళ్దామనుకునే తల్లులు మనలో ఉన్నారు. ఆ తల్లిని మేము తప్పుపట్టం. ఆ బొమ్మ గీయించినవాణ్ణి తప్పుపడతాం.

ఎఫెసులో నమ్మినవారు తమ మంత్రపుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చేశారు. వాటి వెల 50,000 వెండి రూకలు. మన బొమ్మలు తుడిచేయడానికి రూపాయి ఖర్చు లేదు.

యౌవనస్థులకు ముందే చెబుతున్నాం: వచ్చే కూడికల ఫ్లెక్సీ మీద మా ఫోటో వద్దు, మెరుపులు అసలే వద్దు. తేదీ, స్థలం, ఒక వాక్యం వేయించండి.