జేబు చాకు: లాకు ఉన్నది కావాల్నా, రంపం ఉన్నది కావాల్నా

ఇయ్యాల ముచ్చట మద్దతు ధర గురించి కాదు, కొత్త మందు గురించి కాదు. మన జేబుల ఉండాల్సిన చాకు గురించి. నవ్వకుండ్రి. పొద్దుగాల తోటకు పోయి మల్ల ఇంటికి వచ్చే దాక ఎన్నిసార్లు "అరె, కత్తి ఏది?" అని అటు ఇటు చూస్తమో ఒక్కరోజు లెక్క పెట్టుకోండ్రి. యూరియా సంచి మూతి విప్పాలె. సుతిలి తాడు తెంపాలె. పగిలిన డ్రిప్పు పైపు ముక్క కోసి జాయింటు వెయ్యాలె. బత్తాయి బేరగాడు వస్తే కాయ కోసి రసం చూపియ్యాలె. బంక కారే చెట్టు దగ్గర కూసొని బెరడు గీకాలె. ఇన్ని పనులకు మనోళ్ళు వాడేది ఏంది? పెద్ద కొడవలి, లేకుంటే పళ్ళు. పురుగుమందు డబ్బా సీలును పళ్ళతోని పీకేటోళ్ళను ఈ యాసంగిల గూడ నేను చూసిన.

అందుకే మడత చాకు ఒకటి జేబుల ఉండాలె అని నేను ఎప్పటి నుంచో చెప్తున్న. అయితే ఏ చాకు అనేది ఇప్పుడు మాట. మా చిన్నమ్మ కొడుకు జర్మనీల పని చేస్తడు. పోయినేడాది దసరాకు వచ్చినప్పుడు పెద్ద బ్యాగుల పెట్టుకొని రెండు చాకులు తెచ్చిండు. ఒకటి ఫ్రాన్స్ ది, ఒపినెల్ నంబర్ 8. ఇంకోటి స్విట్జర్లాండ్ ది, విక్టోరినాక్స్ ఫార్మర్. "నీకొకటి, బావకొకటి, ఏది ఎవరికో మీరే తేల్చుకోండ్రి" అని మా ముంగట పెట్టి పోయిండు. అప్పటి నుంచి రెండూ మార్చి మార్చి వాడినం. నేను వాడింది బత్తాయి తోటల, బావ వాడింది బోరు మోటర్ల దగ్గర. ఈ తేడా గుర్తు పెట్టుకోండ్రి, తీర్పు అంతా దీని మీదనే ఉన్నది.

ముందు ఈ రెండు ఏడికెళ్ళి వచ్చినయో చెప్త. చాకు ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే దాని గుణం గూడ తెలుస్తది. ఫ్రాన్స్ ల సవ్వా అని కొండల ప్రాంతం. అక్కడ ఒపినెల్ ఇంటోళ్ళు మన కమ్మరోళ్ళ లెక్కనే, గొడ్డళ్ళు, కొమ్మలు నరికే కత్తులు చేసి చుట్టుపక్కల రైతులకు అమ్మేటోళ్ళు. ఆ ఇంటి పిలగాడు జోసెఫ్ 1890ల మడత చాకు చేసిండు. కట్టె పిడి, ఒక్కటే అలుగు, ఒక్క మేకు. అంతే. 1955ల దానికి ఒక ఉంగరం తొడిగిన్రు. చాకు తెరిచినంక ఆ ఉంగరం తిప్పితే అలుగు మల్ల మూసుకోకుండ బిగుస్తది. స్విట్జర్లాండోడి కథ వేరే. కార్ల్ ఎల్సెనర్ అని, ఇబాఖ్ అనే ఊర్లె 1884ల దుకాణం పెట్టిండు. 1891ల వాళ్ళ సైన్యానికి చాకులు ఇచ్చుడు మొదలుపెట్టిండు. సిపాయికి తుపాకి స్క్రూలు విప్పాలె, డబ్బా మూత తియ్యాలె. అందుకే ఆ చాకుల అలుగొక్కటే ఉండదు, నాలుగు పనిముట్లు ఉంటయి. ఫార్మర్ అనే ఈ మోడల్ల అలుగు, రంపం, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, బొక్క పొడిచే దబ్బనం అసొంటిది ఉన్నయి. మూత తీసే వాటి కొసలే స్క్రూడ్రైవర్లు. పిడికి రెండు దిక్కులా గరుకు అల్యూమినియం రేకు.

అంటే ఒకటి రైతు కోసం కమ్మరింట్ల పుట్టిందాయె, పేరు మాత్రం ఒట్టి నంబరు. ఇంకోటి సిపాయి కోసం పుట్టిన వంశం, పేరు మాత్రం ఫార్మర్. పేరు చూసి కొనొద్దు అనేది ఇందుకే.

ఇగ అసలు సంగతి, లాకు. ఇది నేను గట్టిగ చెప్తున్న ఎందుకంటే దీన్ల వేళ్ళ లెక్క ఉన్నది. నాలుగేండ్ల కింద మా పాలోళ్ళ పిలగాడు సంతల కొన్న ఒక మడత చాకుతోని డ్రిప్పు పైపుకు బొక్క పొడుస్తుండె. ఆ చాకుకు కంపెనీ పేరు గూడ లేదు. మొన నల్ల పైపుల దిగబడ్డది, చెయ్యి ముందుకు నెట్టింది, అలుగు ఎనుకకు మడిచి చూపుడు వేలు మీదనే మూసుకున్నది. కుట్లు వేసిన్రు, పుండు మానింది, గానీ ఆ వేలు ఇప్పటికి పూర్తిగ ముడవదు. నరం తెగింది అన్నరు డాక్టర్లు. పాలు పిండుడు కాడ ఇప్పటికి ఎడమ చెయ్యే వాడుతడు.

ఒపినెల్ ల ఉంగరం తిప్పినంక ఆ భయం తక్కువ. ఫార్మర్ ల అలుగుకు లాకు లేదు. ఎనుక గట్టి స్ప్రింగు ఉంటది, అదే పట్టుకుంటది. కిందికి ఒత్తి కోసేటప్పుడు ఏమీ కాదు, ఒత్తుడే అలుగును తెరిచి ఉంచుతది. ఇబ్బంది పొడిచేటప్పుడు, ఇరుక్కున్నదాన్ని పీకేటప్పుడు. స్విస్ చాకు పనితనం తక్కువ అని కాదు నేను అనేది. ఆ చాకు పొడిచే పనికి అలుగును వాడొద్దు, దబ్బనం ఉన్నది, అది వాడాలె. గానీ నిజం చెప్పుండ్రి, తోటల నీళ్ళు చిమ్ముతుంటే మనం ఆగి, అలుగు మూసి, దబ్బనం తెరుస్తమా? చేతికి ఏది వస్తే దాంతోనే పొడుస్తం. మన అలవాటు మారేదాక లాకు ఉన్న చాకే మనకు మేలు.

లాకు ఉన్నంత మాత్రాన అయిపోలేదు. ఆ ఉంగరాన్ని చేతితోని తిప్పాలె, దానంతట అది పడదు. పిల్లగాండ్లకు ఇచ్చేముందు తెరుసుడు, తిప్పుడు, అప్పుడు కోసుడు అని వరుస నేర్పుండ్రి.

రెండోది అలుగు లోహం. విక్టోరినాక్స్ స్టెయిన్‌లెస్ మాత్రమే. ఒపినెల్ రెండు రకాలు, కార్బన్ ఉక్కు ఒకటి, స్టెయిన్‌లెస్ ఒకటి. మావాడు తెచ్చింది కార్బన్ ది. మన కమ్మరి కమాన్ పట్టాతో చేసిన కొడవలి లెక్కనే అనుకోండ్రి. సానరాయి మీద నాలుగు గీతలు గీస్తే పదును వస్తది. రాయి లేకుంటే చాయ్ కప్పు బోర్లేసి అడుగున గరుకు అంచు మీద గీసినా నడుస్తది. అలుగు పలుచన, సుతిలి మీద పెడితే దారం తెగినట్టు తెగుతది. ఫార్మర్ అలుగు పొట్టిది, కొంచెం మందం, పదును పెట్టుడు కొంచెం ఆలస్యం, గానీ తుప్పు గోల లేదు.

కార్బన్ తోని కష్టం ఏందంటే బత్తాయి రసం తగిలి తుడవకుంటే అర్ధగంటల నల్లగైతది. ఆ నలుపు తప్పు కాదు, మన ఇండ్లల్ల పాత కత్తిపీటలన్నీ నల్లగనే ఉంటుండె. ఎర్ర తుప్పు రాకుండ చూసుకోవాలె, అంతే. పొద్దుమీకి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే సాలు.

ఇక్కడ తోట రైతులకు ఒక లాభం చెప్త, ఇది దుకాణంల ఎవ్వడు చెప్పడు. బోర్డో మిశ్రమం సక్కగ కలిసిందా లేదా చూసుడు మనకు ఎట్ల? మైలుతుత్తం ఎక్కువై సున్నం తక్కువైతే ఆకులు మాడుతయి. పాత పద్ధతి ఏందంటే, మెరిసే ఇనుప చాకును ఆ మిశ్రమంల ఒక నిమిషం ముంచి తియ్యాలె. అలుగు మీద రాగి రంగు పొర పడితే ఇంకా సున్నం పడాలె అని అర్థం. పొర పడకుంటే కొట్టుకోవచ్చు. ఈ పరీక్షకు కార్బన్ ఉక్కే కావాలె, అలుగును ముందు ఇసుక కాగితంతోని రుద్ది తెల్లగ చెయ్యాలె. స్టెయిన్‌లెస్ ల రాగి సక్కగ పట్టదు గనుక అది చూసి మోసపోతం. పరీక్ష అయినంక నీళ్ళతోని కడిగి, తుడిచి, నూనె రాయాలె, లేకుంటే మైలుతుత్తం ఉక్కును తినేస్తది.

బత్తాయి, నిమ్మ పెట్టినోళ్ళు ఇంకో సంగతి గూడ వినాలె. ఒక చెట్టు బెరడు గీకిన చాకుతోనే ఇంకో చెట్టు గీకుడు మన అలవాటు. ఎక్సోకార్టిస్ అని ఒక వైరాయిడు ఉన్నది, వైరస్ కన్న చిన్నది, చెట్టు నుంచి చెట్టుకు కత్తి మీదనే పోతది. మనం అంటు కట్టే రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద దాని దెబ్బ ఎక్కువ. బెరడు పగుల్తది, చెట్టు గిడసబారుతది. అది తెలిసేసరికి ఏండ్లు గడుస్తయి, అప్పటికే తోటంతా పాకి ఉంటది. చాకును మంటకు చూపినా, స్పిరిట్ తోని తుడిచినా అది సరిగ్గ పోదు. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవం, అంటే సోడియం హైపోక్లోరైట్, దానితోనే పోతది. 5 శాతం సీసా దొరికితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం అయితది. చెట్టు మారినప్పుడల్లా అలుగు అండ్ల ముంచాలె. మరి ఈ బ్లీచింగ్ కార్బన్ ఉక్కుకు పగోడు, చూస్తుండగనే తుప్పు తెస్తది. స్టెయిన్‌లెస్ ను గూడ ఊకె అట్లనే వదిలేస్తే మచ్చలు పడతయి, గానీ కడిగితే తట్టుకుంటది. కాబట్టి చెట్లు గీకే పని ఎక్కువ ఉన్న తోట రైతు ఒపినెల్ ల స్టెయిన్‌లెస్ రకం తీసుకోవాలె. బోర్డో పరీక్షకు ఇంట్ల పాత ఇనుప కత్తి ఏదైనా అక్కరకు వస్తది. ఇద్దరూ ఒకే మాట అనరు గానీ నాకు తోచింది ఇది.

ఇప్పుడు ఫార్మర్ తరఫున మాట్లాడాలె, లేకుంటే బావ ఊకోడు. అండ్ల రంపం ఆట సామాను కాదు. బొటనవేలు లావు ఎండు కొమ్మను నున్నగ కోస్తది. పెద్ద కొమ్మకు మాత్రం అసలు రంపమే కావాలె. స్టార్టరు డబ్బా స్క్రూలు, ఫ్యూజు క్యారియరు, వాల్వు క్లిప్పు, వీటికి ఒపినెల్ ఎందుకూ పనికి రాదు. దాని మొనను స్క్రూడ్రైవరు లెక్క వాడితే విరుగుతది. ఒక్కటి మాత్రం మరవొద్దు, ఫార్మర్ పిడి అల్యూమినియం, కరెంటు మంచిగ పారుతది. మెయిను తియ్యకుండ ఆ చాకును డబ్బాల పెట్టినోడు బతికితే అదృష్టం. తడిసిన కట్టె పిడిని గూడ నమ్మొద్దు.

ఫార్మర్ ల నాకు అన్నింటికన్న నచ్చింది డబ్బా మూత తీసే పనిముట్టు. ఎందుకంటే పురుగుమందు సీలు దాంతోని పొడుస్తే అలుగు శుభ్రంగ ఉంటది. ఒపినెల్ ల ఉన్నది ఒక్కటే అలుగు. దాంతోనే మందు సీలు చించి, మధ్యాహ్నం దాంతోనే ఉల్లిగడ్డ కోసుకొని తింటే ఆ మందు ఏడికి పోతది? కడుపులకే. నేను స్ప్రే పంపు బెల్టుకు పాత స్క్రూడ్రైవర్ ఒకటి తాడుతోని కట్టిన. సీళ్ళన్నీ దాంతోనే. జేబు చాకును మందు దగ్గరికి పోనియ్య. ఈ కట్టుబాటు పెట్టుకోలేనోళ్ళు ఫార్మరే కొనుక్కోండ్రి, నేను వద్దనను.

వానాకాలం సంగతి. ఒపినెల్ పిడి బీచ్ కట్టెది, నీళ్ళు తాగితే ఉబ్బుతది, అలుగు పిడిలనే ఇరుక్కుంటది, గోరుతోని గుంజితే రాదు. సవ్వా రైతులు దానికి ఒక ఉపాయం కనిపెట్టిన్రు. పిడి ఎనుక కొసను రాయి మీద టక్కున కొడితే అలుగు కొంచెం బయటికి లేస్తది, అప్పుడు పట్టుకొని తెరవాలె. కొత్త చాకు తేగానే పిడికి అలసినూనె రెండు మూడు సార్లు తాపి ఎండబెడితే ఉబ్బుడు తగ్గుతది. నారుమడిల, మోకాలు లోతు బురదల రోజంతా ఉండే వరి రైతుకు ఇది చికాకే. ఆ రైతుకు అల్యూమినియం పిడే సుఖం.

ధర చూస్తే ఫార్మర్ పైసలతోని ఒపినెల్ లు మూడు వస్తయి. తోటల చాకు పారేసుకోనోడు ఎవడు? కొమ్మకు గుచ్చి మరుస్తం, కాలువల పడేస్తం. పోతే ప్రాణం ఉసూరుమనని చాకు జేబుల ఉండాలె, అప్పుడే దాన్ని భయం లేకుండ వాడుతం. ఖరీదైంది కొన్నోళ్ళు దాన్ని బీరువాల దాచిపెట్టి మల్ల పళ్ళతోనే సుతిలి తెంపుతరు.

పోలీసోళ్ళు పట్టుకుంటరా అని భయపడేటోళ్ళకు ఒక మాట. ఆయుధాల చట్టం కింద లైసెన్సు అడిగేది అలుగు 9 అంగుళాలు దాటితేనో, వెడల్పు 2 అంగుళాలు దాటితేనో. వ్యవసాయానికి, ఇంటి పనికి చేసిన కత్తులకు అది గూడ లేదు. ఒపినెల్ 8 అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, ఫార్మర్ ది ఇంకా చిన్నది. అయినా కోర్టుకు, కలెక్టరాఫీసుకు, సభకు పోయినప్పుడు ఇంట్ల పెట్టి పోవుడే పద్ధతి. విమానంల చేతి సంచిల అసలే రానియ్యరు.

నా లెక్క ఇది. తోట, కూరగాయలు, గొడ్లు ఉన్నోళ్ళు ఒపినెల్ నంబర్ 8, స్టెయిన్‌లెస్ ది. చాకును రోజూ తుడిచే ఓపిక ఉండి, పదును మీద ప్రేమ ఉన్నోళ్ళు కార్బన్ ది. మోటర్లు, డ్రిప్పు ఫిల్టర్లు, ట్రాక్టరు చుట్టూ తిరిగేటోళ్ళు, వరి మడిల ఉండేటోళ్ళు ఫార్మర్, కాకపోతే అలుగుతోని పొడవొద్దు. అంటు కట్టే పనికి మాత్రం రెండూ వద్దు, దానికి ఒక దిక్కే పదునున్న అంటు కత్తి వేరే ఉంటది.

ఒపినెల్ కొన్నోళ్ళు పిడి చివర బొక్క పొడిచి ఎర్ర తాడు కట్టుకోండ్రి. ఆ కట్టె రంగు ఎండుటాకుల పడితే కండ్లకు ఆనదు.